రోడ్డు కారు రేసు కారయ్యేటప్పుడు: ఏ వైరు తీయాలి, ఏ వైరు ఉంచాలి

(ఇంజినీరింగ్ విద్యార్థుల వర్క్‌షాపులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు నమస్కారం. విద్యార్థులందరికీ శుభాకాంక్షలు.

మీరు ఒక పాత మారుతి ఎస్టీమ్‌ను ట్రాక్ మీదికి సిద్ధం చేస్తున్నారనీ, సీట్లు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు అన్నీ ఊడదీసి వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారనీ మీ అధ్యాపకులు చెప్పారు. అక్కడ ఆగడం మంచి పనే చేశారు. సీటు తీయడంలో పొరపాటు జరిగితే మళ్లీ బిగించుకోవచ్చు గానీ, డ్యాష్‌బోర్డు కింద కట్టర్ పెట్టి కోసిన వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లేదో మర్నాటికి కోసినవారికే గుర్తుండదు.

ఎస్టీమ్‌ను ఎంచుకున్నందుకు కూడా మిమ్మల్ని అభినందించాలి. 1994లో మన రోడ్ల మీదికి వచ్చిన ఈ కారు చాలా ఏళ్లపాటు మన దేశపు ట్రాక్ రేసుల్లోనూ ర్యాలీల్లోనూ ఎక్కువగా కనిపించిన కార్లలో ఒకటి. 1298 సీసీ ఇంజిన్, ఎంపీఎఫ్ఐ రకంలో (ప్రతి సిలిండరుకూ వేరే ఇంజెక్టరు ఉండే రకం) పదహారు వాల్వులు, 85 హార్స్‌పవర్, తేలికైన బాడీ, ఏ పట్టణంలోనైనా దొరికే విడిభాగాలు ఉన్నాయి. మన చర్చకు అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. దీని వైరింగ్‌ను మనిషి కంటితో చూసి, మల్టీమీటరుతో కొలిచి, కాగితం మీద గీసి పూర్తిగా అర్థం చేసుకోవచ్చు. ఇప్పటి కార్లలో ఆ వెసులుబాటు తక్కువ. వాటి సంగతి తరువాత చెబుతాను.

వైరింగ్ ఎందుకు తగ్గించాలని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది బరువు కోసమంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడండి. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 9 గ్రాములు కాబట్టి, ఇలాంటి కార్లలో విరివిగా వాడే 0.85 చదరపు మిల్లీమీటర్ల వైరులో మీటరుకు 7.6 గ్రాముల రాగి ఉంటుంది. పైనున్న ప్లాస్టిక్ పూతను కలిపినా పది పన్నెండు గ్రాములకు మించదు. అంటే మీరు ఓపికగా కూర్చుని వంద మీటర్ల వైరు బయటికి లాగితే తగ్గే బరువు ఒక కిలో, ఆపైన కాస్త చిల్లర. ఏసీ కంప్రెసర్ ఒక్కటి విప్పితే అంతకు ఎన్నో రెట్లు తగ్గుతుంది. వైర్లతో పాటు పోయే మోటార్లు, స్పీకర్లు, లాకులు, కంట్రోల్ పెట్టెలు కలిస్తే బరువులో చెప్పుకోదగ్గ తేడా వస్తుంది, కాదనను. అయితే కేవలం బరువు కోసమే ఈ పనికి పూనుకుంటే, శ్రమకు తగిన ఫలితం లేదని సగంలో విసుగెత్తి మిగతాది కత్తిరించి పారేస్తారు.

అసలు ప్రయోజనం వేరే ఉంది. రోడ్డు కారు హార్నెస్‌లో, అంటే వైర్లన్నీ కలిపి కట్టిన జడలో, ప్రతి కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ప్రతి అతుకు, ప్రతి ఎర్త్ బోల్టు ఒక లోపం పుట్టగల చోటు. రోడ్డు మీద పదేళ్లు నిలిచిన అతుకు, గట్టి స్ప్రింగులతో, రబ్బరు బుష్‌లు లేని మౌంటింగులతో ట్రాక్ మీద కొన్ని గంటలు కుదుపులు తిన్నాక వదులవుతుంది. వెనుక అద్దం వేడిచేసే వైరు పూత ఒరిసిపోయి బాడీకి తగిలితే ఆ ఫ్యూజు పోతుంది. అదే ఫ్యూజు మీద ఇంజిన్‌కు అవసరమైన మరో సర్క్యూట్ కూడా ఉంటే, పనికిరాని అద్దం వైరు మూలంగా కారు ట్రాక్ మధ్యలో ఆగుతుంది. పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కారు బాగుచేసుకునే చోట, పది నిమిషాల్లో లోపం పట్టుకోవాలంటే, కారులో మిగిలిన ప్రతి వైరూ ఎందుకుందో ఆ కారు చూసే మనిషికి తెలిసి ఉండాలి. వైరింగ్ తగ్గించడంలో నాకు కనిపించే పెద్ద లాభం అది. ఆ పని పూర్తయ్యేసరికి మీ చేతిలో ఒక చిన్న హార్నెస్, దానికి సరిగ్గా సరిపోయే ఒక పటం ఉండాలి. పటం లేకుండా హార్నెస్ ఒక్కటే ఉంటే సగం పనే అయినట్టు లెక్క.

మొదలుపెట్టే ముందు మీరు పాల్గొనబోయే తరగతి నియమావళి చదవండి. కొన్ని తరగతుల్లో కంపెనీ హార్నెస్‌ను కదిలించనివ్వరు, మరికొన్నింట్లో పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. బ్రేకు లైట్లు, వాన లైటు, వైపరు ఉండి తీరాలని చాలాచోట్ల అంటారు. ఇంకొక మాట. ఈ పని చేశాక ఈ కారు రోడ్డెక్కకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ వివరాలకూ కంపెనీ నిర్దేశానికీ పొంతన లేకుండా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. హారను, ఇండికేటర్లు లేని కారును చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లాలంటే లారీ మీదనో ట్రైలరు మీదనో తీసుకెళ్లవలసిందే. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక పద్ధతికి వస్తాను. మొదటిసారి చేసేవారికి నేను చెప్పే సలహా, వైరు ముట్టుకోకముందే సర్క్యూట్లను ఒక్కొక్కటిగా పని చేయకుండా చేసి చూడమని. ఏసీ ఫ్యూజు తీయండి, ఇంజిన్ స్టార్ట్ చేయండి, యాక్సిలరేటరు నొక్కకుండా నిలకడగా ఐడిల్ అవుతుందో లేదో చూడండి. తరువాత పవర్ విండోలు, సెంట్రల్ లాక్, ఆడియో, లోపలి లైటు, హారను, గడియారం. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ, ఫ్యూజుతో విడిపోనివాటికి కప్లర్ విప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఫ్యాను తిరిగిందో లేదో, బ్రేకు లైటు వెలిగిందో లేదో రాసుకోండి. ఈ దశలో ఏదైనా తేడా వస్తే కప్లర్ తిరిగి తగిలిస్తే చాలు. చాదస్తంగా కనిపించవచ్చు గానీ, పనికిరాదనుకున్న సర్క్యూట్‌కూ ఇంజిన్‌కూ ఉన్న దొంగ సంబంధాలు ఇక్కడే బయటపడతాయి.

ఆ సంబంధాల్లో అన్నిటికంటే తరచుగా దెబ్బతీసేది ఛార్జింగ్ లైటు. తాళం తిప్పగానే మీటరు కన్సోల్‌లో బ్యాటరీ బొమ్మతో వెలిగే ఎర్ర లైటు డ్రైవరును హెచ్చరించడానికే ఉందని అందరూ అనుకుంటారు. చాలా ఆల్టర్నేటర్లలో దానికి ఇంకో పని కూడా ఉంది. ఆల్టర్నేటరు తిరగడం మొదలైనంత మాత్రాన కరెంటు పుట్టదు. లోపలి రోటరు చుట్టలోకి మొదట కొద్దిపాటి కరెంటు వెళ్లి అయస్కాంత క్షేత్రం ఏర్పడాలి. ఆ తొలి కరెంటు ఇగ్నిషన్ నుంచి బయలుదేరి, ఈ బల్బు గుండా, ఆల్టర్నేటరు మీది ‘ఎల్’ టెర్మినల్‌కు చేరుతుంది. రేసు కారుకు ఇంజిన్ వేగం చూపే టాకోమీటరు ఒక్కటి చాలని మీటరు కన్సోల్ మొత్తాన్ని తీసి పక్కన పెట్టినప్పుడు, దానితో పాటు ఈ దారి కూడా పోతుంది. ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే బ్యాటరీలో శక్తి ఉంది. కొన్ని ల్యాప్‌ల తరువాత వోల్టేజీ పన్నెండు కిందికి జారి, పెట్రోలు పంపు నెమ్మదించి, ఇంజెక్టర్లు మందగించి, ఇంజిన్ తడబడుతుంది. అప్పుడు అందరూ పెట్రోలు ఫిల్టరు విప్పుతారు. ఇంకా చిక్కేమిటంటే, ఇంజిన్ వేగం బాగా పెంచినప్పుడు రోటరులో మిగిలి ఉన్న అయస్కాంత శక్తితో ఆల్టర్నేటరు ఒక్కోసారి దానంతట అదే పుంజుకుంటుంది. దానితో లోపం ఒక రోజు కనిపించి ఒక రోజు కనిపించదు. పరిష్కారం చాలా తేలిక. 3 వాట్ల చిన్న బల్బును అదే దారిలో డ్యాష్‌బోర్డు మీద పెట్టండి, లేదా 47 ఓముల, 5 వాట్ల రెసిస్టరు వేయండి. ఎల్ఈడీ ఒక్కటే పెడితే చాలదు. దాని గుండా పోయే కరెంటు చుట్టకు ఆనదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపితేనే మీటరు కన్సోల్ వైర్ల జోలికి వెళ్లండి.

అదే మీటరు కన్సోల్‌లో ఇంకో సంగతి కూడా దాగి ఉండవచ్చు. కొన్ని పాత సుజుకీ కార్లలో కారు వేగాన్ని ఈసీయూకు (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరుకు) చెప్పే రీడ్ స్విచ్, అంటే అయస్కాంతంతో పనిచేసే చిన్న స్విచ్, స్పీడోమీటరు లోపలే ఉంటుంది. కన్సోల్ తీసేస్తే ఈసీయూకు కారు ఎప్పుడూ ఆగి ఉన్నట్టే తోస్తుంది, లోపం లైటు వెలుగుతుంది, బ్రేకు వేసి ఆగేటప్పుడు ఇంజిన్ ఆరిపోవచ్చు. మీ కారులో ఆ సెన్సరు ఎక్కడుందో సర్వీసు మాన్యువల్‌లో చూసుకోండి. గేరుబాక్సు మీదుంటే బాధ లేదు.

ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకుండా ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కార్లలో, మారుతి వాళ్లు ఐ-క్యాట్స్ అని పేరు పెట్టిన పద్ధతి అలాంటిదే, తాళం చుట్టూ ఉండే యాంటెనా తీగనూ దాని పెట్టెనూ అలంకారమనుకుని తీసేస్తే ఇంజిన్ స్టార్ట్ కాదు. వాటిని ఉంచాలి, లేదా ఈసీయూనే మార్చాలి. ఏసీ నుంచి, బ్లోవరు నుంచి, హెడ్‌లైట్ల నుంచి ఈసీయూకు వచ్చే సన్నని వైర్లు మాత్రం ఐడిల్ కాస్త పెంచమని కోరేవే కాబట్టి వాటిని నిశ్చింతగా తీయవచ్చు. బ్లోవరు మోటారును మాత్రం తొందరపడి తీయకండి. చెన్నైలో వాన పడుతుండగా రేసు మొదలైతే, తలుపులు మూసిన క్యాబిన్‌లో డ్రైవరు ఊపిరికే అద్దం మసకబారుతుంది. ముందు అద్దానికి గాలి కొట్టే ఏర్పాటు లేనివాళ్లు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో అద్దం తుడుస్తూ నడపడం నేను చూశాను.

ఈ పరీక్షలన్నీ అయ్యాక హార్నెస్‌ను ముక్కలు చేయకుండా మొత్తంగా బయటికి తీయండి. ప్రతి కప్లర్‌కూ విప్పే ముందే చీటీ కట్టండి, ఫోటో తీయండి. పెద్ద ప్లైవుడ్ పలక మీద, కారులో ఏ ఆకారంలో ఉండేదో అదే ఆకారంలో పరిచి, మేకులు కొట్టి నిలపండి. అప్పుడు టేపు విప్పండి. బ్లేడుతో పొడవునా చీల్చవద్దు. పాత టేపు కింద వైరు పూతకు పడిన గాటు ఇవాళ కనిపించదు, ఎప్పుడో ట్రాక్ మీద షార్ట్ అయినప్పుడే బయటపడుతుంది. కొసను పట్టుకుని, చుట్టిన దిశకు ఎదురుగా ఓపికగా విప్పండి.

టేపు విప్పాక మీకు ఆశ్చర్యం కలిగించేవి అతుకులు. పటంలో చిన్న చుక్కగా కనిపించేది ఇక్కడ నాలుగైదు వైర్లను కలిపి నొక్కిన రాగి కట్టు. ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే ఒకే కరెంటు అలాంటి అతుకు దగ్గర చీలి, ఒక పాయ రివర్స్ లైటుకు, ఒక పాయ మీటరుకు, ఒక పాయ ఇంజిన్ వైపు వెళుతుంది. రివర్స్ లైటు వైరును ఆ చివర నుంచి పట్టుకుని లాగుతూ వచ్చినవారు ఈ అతుకు దగ్గర ఆగాలి. అక్కడ బలంగా లాగితే పక్కనున్న ఇంజిన్ వైరు సగం తెగి, సగం నిలిచి ఉంటుంది. ఈ లోకంలో అన్నిటికంటే కష్టమైన లోపం అలా సగం తెగిన వైరే. అనవసరమైన పాయను అతుకుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో కోసి, వేడికి ముడుచుకునే, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టంతో మూయండి, లేదా అతుకునే కొత్తగా క్రింప్ చేయండి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించండి. రెండో చివర కప్లర్‌లో ఉంటే, పిన్ను ఊడదీసే సన్నని పనిముట్టుతో ఆ పిన్నునే బయటికి తీయండి. ఖాళీ గదిలోకి నీరు పోకుండా రబ్బరు బిరడా పెట్టండి.

ఎర్త్ వైర్ల దగ్గర పిసినారితనం కూడా చూపవద్దు, ధారాళంగా కోయనూ వద్దు. డ్యాష్‌బోర్డు కింది ఒక బోల్టుకు ఏడెనిమిది నల్లని వైర్లు కలిసి ఉంటే, అందులో రేడియోది ఏదో, పంపుది ఏదో కొలవకుండా తెలియదు. సెన్సర్ల ఎర్త్‌ను కంపెనీ వాళ్లు ఈసీయూకే తిరిగి తెస్తారు. దాన్ని దగ్గర దారి అని బాడీకి కలిపేస్తే, ఫ్యాను తిరిగినప్పుడల్లా సెన్సరు కొలతలు కదులుతాయి. క్రాంక్ సెన్సరు వైరు చుట్టూ అల్లిన కవచం ఉంటే అది ఒక చివరనే ఎర్త్ కావాలి, రెండు చివరలా కాదు.

మీ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టి ఈ సంగతి ఒక్క నిమిషంలో చెప్పి ముందుకు వెళతాను. ఉన్న కారు మీ చేతికి వస్తే, పసుపు పచ్చ కప్లర్ కనిపించినచోట మల్టీమీటరు పెట్టవద్దు, టెస్ట్ ల్యాంపు అసలే పెట్టవద్దు. ఆ కొద్ది కరెంటుకే లోపలి మందు పేలవచ్చు. బ్యాటరీ విప్పి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. చాలా కార్లకు అది 90 సెకన్లు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. సీటు బెల్టును బిగించే పరికరంలోనూ అలాంటి మందే ఉంటుంది.

కొత్త కార్ల సంగతి చెబుతానన్నాను. 1986లో బాష్ కంపెనీ ప్రకటించిన క్యాన్ పద్ధతి తరువాతి కాలంలో దాదాపు అన్ని కార్లలోకీ వచ్చింది. అందులో రెండు వైర్ల మెలి మీదనే ఏబీఎస్, ఇంజిన్, మీటరు, తలుపుల పెట్టెలు అన్నీ మాట్లాడుకుంటాయి. ఆ దారికి రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ విప్పి రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓములు చూపాలి. ఏదో పెట్టె తీసేశాక 120 చూపిందంటే, చివరి రెసిస్టరు ఆ పెట్టెలోనే ఉందన్నమాట. రెసిస్టరు వేరే పెట్టినా, ఆ పెట్టె పంపే సమాచారం అందక ఇంజిన్ తన శక్తిని తానే తగ్గించుకోవచ్చు. అలాంటి కార్లలో రేసింగ్ కోసం చేసిన ఈసీయూ, దానికి తగిన కొత్త హార్నెస్ వేసుకోవడమే చివరికి చవక అని నా అభిప్రాయం. మొదటి కారుగా దాన్ని ఎంచుకోవద్దని కూడా చెబుతాను.

తిరిగి కట్టేటప్పుడు మామూలు పీవీసీ ఇన్సులేషన్ టేపు వాడకండి. ఇంజిన్ వేడికి దాని జిగురు కరిగి కారుతుంది. కార్ల కోసం చేసిన గుడ్డ టేపు దొరుకుతుంది, అది వాడండి. అతుకులకు టంకం కంటే మంచి క్రింపింగ్ మేలు. టంకం వైరు పోగుల్లోకి పాకి, పాకినంత మేర వైరును పుల్లలా బిరుసు చేస్తుంది. కుదుపులకు సరిగ్గా ఆ బిరుసు ముగిసేచోట వైరు విరుగుతుంది. లావైన హార్నెస్ తీసి సన్నని హార్నెస్ పెట్టినప్పుడు ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఫైర్‌వాల్‌లో మిగిలే రంధ్రాన్ని మరిచిపోవద్దు. రబ్బరు మూత మంటకు నిలవదు. లోహపు రేకుతో, రివెట్లతో మూయండి.

బ్యాటరీని డిక్కీలోకి మార్చాలనుకుంటే కేబుల్ మందం లెక్క వేసుకోండి. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ నాలుగు మీటర్లు వేస్తే, సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగినప్పుడు దారిలో పోయేది దాదాపు 0.42 వోల్టు. 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.66 వోల్టు. తక్కువ ధరని సన్నని కేబుల్ తెస్తే వేడిగా ఉన్న ఇంజిన్ తిరగక మొరాయిస్తుంది. ఆ కేబుల్, పెట్రోలు గొట్టం ఒకే పక్క నుంచి వెళ్లకూడదు.

కొత్తగా చేర్చవలసిన వైరింగ్‌లో ముఖ్యమైనది మాస్టర్ స్విచ్. అంతర్జాతీయ నియమావళి ప్రకారం అది కారులోని అన్ని సర్క్యూట్లనూ విడదీయాలి, ఇంజిన్‌నూ ఆపాలి. లోపలి నుంచి డ్రైవరుకు, బయటి నుంచి ట్రాక్ పక్కనుండే భద్రతా సిబ్బంది మార్షల్‌కు అందాలి. బయటి హ్యాండిల్ దగ్గర తెల్ల అంచున్న నీలి త్రికోణంలో ఎర్రని మెరుపు గుర్తు, కనీసం 12 సెంటీమీటర్ల అడుగుతో ఉండాలి. బ్యాటరీ కేబుల్‌ను మాత్రమే తెంచే రెండు టెర్మినళ్ల స్విచ్ ఇందుకు చాలదు. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీని విడదీస్తే ఆల్టర్నేటరే ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూ ఇంజిన్‌ను నడిపిస్తుంది. పైగా అకస్మాత్తుగా విద్యుత్ లోడ్ తగ్గిన ఆల్టర్నేటరు వోల్టేజీ ఒక్క క్షణం 80 దాకా ఎగిరి ఈసీయూను కాల్చవచ్చు. అందుకే ఆరు టెర్మినళ్ల స్విచ్ వాడతారు. రెండు లావైన బోల్టులు బ్యాటరీకి. రెండు చిన్న టెర్మినళ్లు ఇగ్నిషన్‌కు, ఇవి స్విచ్ ఆపగానే తెరుచుకుంటాయి. మిగిలిన రెండు దీనికి విరుద్ధంగా స్విచ్ ఆపినప్పుడే మూసుకుని, ఆల్టర్నేటరు నుంచి వచ్చే కరెంటును 3 ఓముల, 11 వాట్ల రెసిస్టరు గుండా ఎర్త్‌కు పంపుతాయి. 14 వోల్టులకు ఆ రెసిస్టరు మీద పడేది 65 వాట్లు. ఇంజిన్ రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది కాబట్టి అది తట్టుకుంటుంది.

పరీక్ష చేసేటప్పుడు ఐడిల్‌లో కాకుండా ఇంజిన్‌ను నిమిషానికి 3000 చుట్ల దగ్గర నిలిపి బయటి హ్యాండిల్ లాగండి. ఐడిల్‌లో ఆగిన ఇంజిన్ ఆ వేగంలో ఆగకపోవచ్చు. ఆగకపోతే, ఇగ్నిషన్‌కు వెళ్లే కరెంటు ఆ చిన్న టెర్మినళ్లను తప్పించుకుని వేరే దారిలో పోతోందని అర్థం. చాలాసార్లు ఆ దారి మీరు తీసేశామనుకున్న పాత హార్నెస్‌లో మిగిలిన ఒక అతుకు గుండానే ఉంటుంది. ఇంజిన్ ఆగాక స్విచ్‌ను అలాగే ఆఫ్‌లో ఉంచి, ఐదు నిమిషాల తరువాత రెసిస్టరు దగ్గరికి చేయి పోనివ్వండి. ముట్టుకోకండి, వేడి తగులుతుందేమో చూడండి. వేడిగా ఉంటే దాన్ని ఆల్టర్నేటరు వైపుకు బదులు బ్యాటరీ వైపు బోల్టుకు కలిపారన్నమాట. అప్పుడది స్విచ్ ఆపి ఉన్నంతసేపూ 4 ఆంపియర్లు తాగుతూ, 11 వాట్ల ఒంటి మీద 48 వాట్లు మోస్తూ, రాత్రంతా షెడ్డులో ఎర్రగా కాలుతుంది. వెంటనే బ్యాటరీ విప్పి ఆ వైరును రెండో బోల్టుకు మార్చి, మళ్లీ మొదటి నుంచి పరీక్షించండి.